షాద్‌నగర్‌లో పాత కారు – కొత్త ఇంజను

హైదరాబాదు నుంచి షాద్‌నగర్ పోవటానికి రెండు దారులున్నవి. ఒకటి బెంగుళూరు వెళ్ళే పెద్ద రోడ్డు. పూర్వం దీన్ని 7వ నంబరు జాతీయ రహదారి అనేవారు. ఇప్పుడది 44వ నంబరు. రెండోది రైలుదారి. నేను వెళ్ళింది ఒక పాత కారును చూడటానికే అయినా, రైల్లోనే బయలుదేరాను. కాచిగూడలో ఎక్కితే ఫలక్‌నుమా, బుద్వేల్, ఉమ్దానగర్, తిమ్మాపూర్ దాటి షాద్‌నగర్ వస్తుంది. ఉమ్దానగర్ దగ్గర తల ఎత్తి చూస్తే శంషాబాదులో దిగే విమానాలు కనిపిస్తవి. అది దాటాక ఎర్రనేలలు, ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చిపెట్టినట్లుండే బండరాళ్ళు, మధ్య మధ్య పత్తి చేలు, మొక్కజొన్న చేలు.

ఈ రైలుదారికి ఒక కథ ఉన్నది. నిజాం కాలంలో ఇక్కడ వేసింది మీటర్ గేజ్. అంటే రెండు పట్టాల నడుమ ఎడం సరిగ్గా ఒక మీటరు. దాని మీద చిన్న ఆవిరి ఇంజన్లు చిన్న పెట్టెలను లాక్కుపోయేవి. మరి బరువైన బండ్లు తిప్పాలంటే ఏం చెయ్యాలి? పెద్ద ఇంజను తెచ్చి ఆ పట్టాల మీద పెడితే సరి, అనుకుంటారేమో! పెద్ద ఇంజనుకు 1676 మిల్లీమీటర్ల ఎడం గల పట్టాలు కావాలి. అందుచేత 1990ల దశకంలో పాత పట్టాలు పీకి బ్రాడ్ గేజ్ వేశారు. పట్టాలతో పాటు కింది దిమ్మలు మారినవి, వంతెనలు, ప్లాట్‌ఫారాలు సరిచెయ్యవలసి వచ్చింది. తరువాత పక్కన రెండో లైను, పైన కరెంటు తీగలు వచ్చినవి. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల పని పూర్తయి, 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. ఇంజను మారటానికి దారి పొడుగునా ఇంత మారవలసి వచ్చిందన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

రైలింజనుకే ఇంజను మార్చిన వింత కూడా ఒకటి జరిగింది. కాశీలోని రైలింజన్ల కర్మాగారంలో 2018లో పాత డీజిలు ఇంజన్లు రెంటిని తీసుకుని, వాటి పొట్టలోని డీజిలు యంత్రం తీసివేసి, కరెంటుతో నడిచేట్లు మార్చారు. అంతకు ముందు ఒక్కొక్కటి 2600 గుర్రాల బలం గలది. మార్చాక 5000 గుర్రాల బలం వచ్చింది. పని అంతా 69 రోజుల్లో అయిపోయింది. అయితే అది వందల మంది పనివాళ్ళు, ఇంజనీర్లు ఉన్న కర్మాగారం. షాద్‌నగర్‌లో నేను చూడబోయే షెడ్డులో ఉన్నది ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రవాళ్ళు.

షాద్‌నగర్ ఇదివరకు మహబూబ్‌నగర్ జిల్లాలోది; 2016లో జిల్లాలు విడదీసినప్పుడు రంగారెడ్డి జిల్లాకు వచ్చింది. మండలం పేరు మాత్రం ఫరూఖ్‌నగర్. నిజాం సంస్థానానికి రెండు పర్యాయాలు ప్రధానిగా పనిచేసిన మహారాజా కిషన్ ప్రసాద్ ఉర్దూలోనూ పారసీలోనూ కవిత్వం చెప్పేవాడు. ఆయన కలంపేరు "షాద్". పారసీలో ఆ మాటకు సంతోషం అని అర్థం. ఆ పేరు మీదనే ఊరికి ఈ పేరు వచ్చిందంటారు. ఊరి సమీపంలో ఇస్రోవారి కేంద్రం ఒకటి ఉన్నది. అక్కడి పెద్ద పెద్ద డిష్‌లు, తలకిందులు చేసిన గొడుగుల్లాగా ఆకాశం వైపు నోళ్ళు తెరుచుకుని, ఉపగ్రహాలు పంపే భూమి బొమ్మలను అందుకుంటవి. ఈ పని 1979లో మొదలైంది. ఈ డిష్‌లను చూడటానికే ఒకసారి రావచ్చు గాని, ఈసారికి మన పని వేరు.

పెద్ద రోడ్డు మీద పోయే బండ్లకు ఎక్కడో ఒకచోట జబ్బు చెయ్యక తప్పదు గదా! అందుకే ఇలాంటి రోడ్డు పక్క ఊళ్ళలో మెకానిక్ షెడ్లు ఉంటవి. రేకుల కప్పు, ముందు వేపచెట్టు, చెట్టు కింద నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకు వరుసగా తగిలించిన పానాలు. లారీలు, ట్రాక్టర్లు, జీపులు, ఆటోలు అక్కడికి వస్తవి. నేను వెళ్ళిన షెడ్డులో వీటన్నిటి వెనుక, టార్పాలిన్ కప్పుకుని, పొడుగ్గా, వెడల్పుగా, ముసలి దొరలాగా ఒక కారు నిలబడి ఉన్నది. అది కాంటెస్సా.

పిల్లల్లో చాలామంది కాంటెస్సాను చూసి ఉండరు. నాన్ననో తాతనో అడగండి, కళ్ళు మెరుస్తవి. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో ఉన్న హిందుస్తాన్ మోటార్సు వారే అంబాసిడర్‌నూ, దీన్నీ తయారుచేశారు. అంబాసిడర్ ఇంగ్లీషు మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు తమ్ముడైతే, కాంటెస్సా ఇంగ్లీషు వాక్స్‌హాల్‌కు తమ్ముడు. 1984లో బయటికి వచ్చింది. ముందు ముక్కు పొడుగు, వెనుక డిక్కీ పొడుగు, చూడటానికి అమెరికావారి బలశాలి కార్ల మాదిరిగా ఉంటుంది. అమెరికాలో ఇలాంటి వాటిని "మజిల్ కార్లు" అంటారు. అంటే కండలు తిరిగిన కార్లు. ఈనాటికీ కొందరు కాంటెస్సాను మన దేశపు మజిల్ కారు అని ముద్దుగా పిలుచుకుంటారు.

అయితే కండలు పైపైనే! ఇంత పెద్ద ఒంట్లో మొదట పెట్టింది అంబాసిడర్‌లో ఉండే 1489 సీసీల ఇంజనే. దాని బలం సుమారు 50 గుర్రాలు. ఒక గుర్రపు బలం అంటే 746 వాట్లు. పాలమూరు రైతుబిడ్డలకు ఈ లెక్క ఇంకా తేలికగా చెప్పవచ్చు. మన బోరుబావుల్లో తరచుగా దించేది 5 గుర్రాల మోటారు. కాంటెస్సా ఇంజను బలం అలాంటి మోటార్లు పదింటికి సమానం. పది మోటార్లంటే ఎక్కువగానే తోస్తుంది గాని, టన్నుకు పైబడిన బండిని అయిదుగురు మనుషులతో సహా గుట్ట ఎక్కించటానికి అది చాలీ చాలని బలం. కంపెనీవారు కూడా ఈ సంగతి తెలుసుకున్నారు. కొన్ని ఏళ్ళకు జపానులోని ఇసుజు కంపెనీ ఇంజను, 1817 సీసీలది, కాంటెస్సాకు అమర్చారు. బలం 88 గుర్రాలకు పెరిగింది. బోరు మోటార్ల లెక్కలో దాదాపు పద్ధెనిమిది.

1992లో ఇదే జపాను ఇంజను కుటుంబం నుంచి ఒకటి అంబాసిడర్‌లోకీ వచ్చింది. 1950లలో పుట్టిన బండికి కొత్త గుండె పెట్టారన్నమాట. అప్పుడు అంబాసిడర్‌లో ఇంకా ఏమేమి మారినవో చూడండి. నాలుగు గేర్లు పోయి ఐదు గేర్లు వచ్చినవి. నడుమ ఉండే మీటర్లు స్టీరింగు వెనక్కు జరిగినవి. సీటు బెల్టులు వచ్చినవి. రైలుదారి సంగతి గుర్తున్నది గదా! కాంటెస్సా తయారీ 2002లోనూ, అంబాసిడర్ తయారీ 2014లోనూ ఆగిపోయినవి.

షెడ్డులోని కాంటెస్సా 1985 నాటిది. అంబాసిడర్ ఇంజనుతో వచ్చిన పాతకాపు. దాని యజమాని దగ్గరి పల్లెలో సేద్యం చేసే ఆయన. కారు కొన్నది ఆయన తండ్రి. ఆ తండ్రి పోయినప్పటి నుంచి బండి కొట్టంలో గడ్డిమోపుల పక్కన పడి ఉన్నది. ఇప్పుడు దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాలని ఆయన కోరిక. పాత ఇంజను తీసి పారేసి, ఈ కాలపు జపాను ఇంజను ఏదైనా వేయించాలని ఆలోచన. ఎనిమిదో తరగతి చదివే ఆయన కూతురు కూడా వచ్చింది. ఆ పిల్లకు మాత్రం తాత బండి తాత బండిలాగానే ఉండాలని పట్టు.

ఆ షెడ్డు పెద్దను అందరూ ఉస్తాద్ అంటారు. జుట్టు నెరిసింది గాని చేతులు ఇంకా ఇనుములాగే ఉన్నవి.

"ఉస్తాద్, కొత్త ఇంజన్ ఏస్తె ఎట్లుంటదే?" అని యజమాని అడిగాడు.

ఉస్తాద్ బానెట్టు ఎత్తి లోపలికి చూశాడు. "ఏస్తె ఉరుకుతది పటేలా. ఉరికినంక ఆపుడెట్ల?" అన్నాడు.

ఆ ఒక్క మాటలో ఎంత శాస్త్రం ఉన్నదో చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారును ఆపటానికి బ్రేకు కొంత పని చెయ్యాలి. అదే కారు 80 కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటే? రెట్టింపు పని అని చాలామంది చెబుతారు. కాదు, నాలుగింతలు! వేగం రెండింతలైతే కదిలే వస్తువులో ఉండే శక్తి నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. ఆ శక్తి అంతా బ్రేకుల దగ్గర వేడిగా మారిపోవాలి. అందుచేత వేగం పెంచే ఇంజను వేసినవాడు ముందు బ్రేకుల సంగతి చూడాలి. ఆ తరువాత స్ప్రింగులు, టైర్లు, స్టీరింగు.

"బ్రేకు మార్చితె అయిపాయెనా తాతా?" అని పిల్ల అడిగింది.

"అయిపోతదా బిడ్డా! ఇటు రా, చూపిస్త," అని ఉస్తాద్ ఆ పిల్లను బండి చుట్టూ తిప్పాడు. నేనూ వెంట తిరిగాను.

ఆయన చూపించిన వాటిల్లో కొన్ని చెబుతాను. ఇంజను ఊరికే బండిలో కూర్చోదు. అది నడిచేటప్పుడు వణుకుతుంది. ఆ వణుకు ఒంటికి అంటకుండా కింద రబ్బరు మౌంటింగులు ఉంటవి. కొత్త ఇంజను కాళ్ళు పాత చోట్లకు సరిపోవు గనక ఇనుప పట్టీలు కోసి, కొత్త చోట్లు వెల్డింగు చెయ్యాలి. అర అంగుళం తేడా వస్తే ఇంజను స్టీరింగు కడ్డీకి తగులుతుంది, లేదా బానెట్టు మూతపడదు. ఇంజను వెనుక గేరుబాక్సు. దాని వెనుక, బండి పొట్ట కింద, చక్రాల దాకా పొడుగాటి షాఫ్టు తిరుగుతూ ఉంటుంది. ఇంజను మారితే గేరుబాక్సు మారుతుంది. గేరుబాక్సు పొడుగు మారితే ఈ షాఫ్టును కోసి, మళ్ళీ అతికి, తూకం సరిచూడాలి. తూకం తప్పితే వేగంలో బండి జ్వరం వచ్చినట్లు వణుకుతుంది. ఎక్కువ బలం అంటే ఎక్కువ వేడి. కాబట్టి రేడియేటరు కూడా పెద్దది కావాలి.

పెట్రోలు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పాత ఇంజనులో కార్బురేటరు అనే చిన్న పాత్ర ఉంటుంది. గాలి దాని గొంతులోంచి పోతూ పెట్రోలును పీల్చుకుపోతుంది. మన ఇళ్ళల్లో పూర్వం దోమల మందు కొట్టే పంపు ఎట్లా పనిచేసేదో ఇదీ అంతే. కార్బురేటరు దాకా పెట్రోలు మెల్లగా వచ్చి చేరితే చాలు. కొత్త ఇంజనులో అలా కాదు. ప్రతి సిలిండరు దగ్గర సూదిమొన లాంటి ఇంజెక్టరు ఉండి పెట్రోలును చిమ్ముతుంది. అందుకు వాయుమండలపు ఒత్తిడికి మూడు నాలుగు రెట్ల ఒత్తిడి కావాలి. నలభై ఏళ్ళ నాటి టాంకీకీ, గొట్టాలకూ అంత ఒత్తిడి అలవాటు లేదు. పాత గొట్టం పగిలి వేడి ఇంజను మీద పెట్రోలు పడితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు. గొట్టాలు, పంపు అన్నీ కొత్తవే వెయ్యాలి. ఎంత పెట్రోలు చిమ్మాలో లెక్క కట్టటానికి ఒక చిన్న కంప్యూటరు. దానికి గాలి ఎంత వచ్చిందో, నీళ్ళు ఎంత కాగినవో, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చెప్పే సెన్సార్లు, వాటికి సాలెగూడు లాంటి తీగలు. పాత కాంటెస్సాకు ఇవేమీ తెలియవు. మా ఉస్తాద్‌కు బాగా చిరాకు కలిగించేవి ఈ తీగలే. "ఇనుముది ఏదన్న చెప్పు, చేస్త. వైరింగ్‌కు పట్నం నుంచి మనిషి రావాలె," అన్నాడు. (హైదరాబాదును ఇక్కడ పట్నం అంటారు.)

అసలు మజిల్ కారు పుట్టిందే ఇంజను మార్చటం వల్ల అంటే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికాలో జనరల్ మోటార్సు కంపెనీలో మధ్యరకం కార్లకు ఫలానా కొలత దాటిన ఇంజను పెట్టకూడదని కట్టడి ఉండేది. ఆ కంపెనీలోనే పాంటియాక్ శాఖలోని ఇంజనీర్లు 1964 సంవత్సరపు కారులో పెద్ద కార్లకు వాడే 6.4 లీటర్ల ఇంజనును మధ్యరకం బండిలో దించారు. పైవాళ్ళు అడిగితే, ఇది కొత్త కారు కాదు, కోరినవాళ్ళకు ఇచ్చే అదనపు సరంజామా మాత్రమే అని తప్పించుకున్నారు. దానికి జీటీఓ అని పేరు పెట్టారు. కాగితం మీద 325 గుర్రాల బలం. నాలుగు చక్రాలకూ మాత్రం డ్రమ్ము బ్రేకులే! బలం ముందు వచ్చి, ఆపటం తరువాత నేర్చుకున్నారు. మా ఉస్తాద్ అక్కడ ఉంటే ఏమనేవాడో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అమెరికాలో అలాంటి పాత కార్లకు కొత్త ఇంజన్లు వెయ్యటం పెద్ద సరదా. ఎక్కువమంది కోరుకునేది 1997లో కార్వెట్ అనే కారుతో వచ్చిన ఎల్ఎస్ జాతి ఇంజను. మొదటిది 5.7 లీటర్లది, బలం 345 గుర్రాలు. పాతది 325, కొత్తది 345. ఈ ఇరవై గుర్రాల కోసం ఇంత శ్రమా అనిపిస్తుంది. ఇక్కడ ఒక కిటుకు ఉన్నది. 1971 దాకా అమెరికావారు ఇంజను బలాన్ని ఒంటరిగా కొలిచేవారు. గాలి వడపోసే డబ్బా, పొగగొట్టం, ఫాను, డైనమో ఏవీ తగిలించకుండా కొలవటం. కాడీ, బండీ లేకుండా ఎద్దు పరుగు కొలిచినట్లన్నమాట. 1972 నుంచి అన్నీ తగిలించి కొలుస్తున్నారు. అందుచేత పాత 325, కొత్త 345 ఒకే తూకపు రాళ్ళతో తూచినవి కావు. పైగా కొత్త ఇంజను దిమ్మ అల్యూమినియంతో పోసింది. ముక్కు తేలికవుతుంది, తక్కువ పెట్రోలు తాగుతుంది, పొద్దున్నే ఒక్క పిలుపుకు లేస్తుంది.

ఇది విని మా యజమానికి ఉత్సాహం పెరిగింది. అప్పుడు నేను కాగితాల సంగతి ఎత్తాను. ప్రతి బండికీ ఇంజను మీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. అదే నంబరు రిజిస్ట్రేషన్ కాగితంలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం, బండి స్వరూపం మార్చాలంటే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి ఉండాలి. ఇష్టం వచ్చిన ఇంజను వేసుకుని చల్లగా తిరుగుదామంటే కుదరదు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువారు కూడా మొహం చాటేస్తారు. పదిహేనేళ్ళు నిండిన కారుకు ఐదేళ్ళకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో ఇంజను నంబరు చూస్తారు.

ఇంకొక సంగతి కూడా ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు బండ్లకు వేరే నిబంధనలు చేసింది. 50 ఏళ్ళు దాటిన బండికి, అది పుట్టినప్పటి రూపంలోనే ఉంటే, "వీఏ" అనే అక్షరాలు గల ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. మొదటిసారికి రుసుము 20,000 రూపాయలు; పదేళ్ళు చెల్లుతుంది. అయితే ఒంటినిగాని ఇంజనునుగాని మార్చిన బండికి ఈ గౌరవం లేదు. అటువంటి నంబరు వచ్చిన బండిని రోజూ తిప్పకూడదు కూడా. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ తీసుకుపోవచ్చు.

పిల్ల వెంటనే వేళ్ళ మీద లెక్క కట్టింది. "1985కు యాభై కలిపితే 2035. ఇంక ఎక్కువేం లేదు నాయినా!"

తండ్రి మాట్లాడలేదు. ఆయన వాదనలోనూ న్యాయం ఉన్నది. ఆయనకు కావలసింది అద్దాల గదిలో పెట్టే బొమ్మ కాదు. ఇంట్లో అందరినీ ఎక్కించుకుని శ్రీశైలం పోయి వచ్చే బండి. తన తండ్రి ఆ కారులో ఊరి ఆడవాళ్ళను కాన్పులకు మహబూబ్‌నగర్ ఆసుపత్రికి తీసుకుపోయేవాడట. నడిచిన బండి నడవాలి అంటాడు. నాకు మాత్రం, నిజం చెప్పవద్దూ, పిల్ల పక్షమే నచ్చింది. కొత్త ఇంజన్లు ఊరూరా ఉన్నవి. 1489 సీసీల పాత ఇంజను కొట్టుకునే ఆ మెత్తని చప్పుడు రోజు రోజుకూ తగ్గిపోతున్నది.

చివరకు ఉస్తాద్ ఒక మధ్యేమార్గం చెప్పాడు. ముందు పాత ఇంజను విప్పి చూస్తాడు. సిలిండరు గోడలు ఎంత అరిగినవో కొలత వేస్తాడు. అరుగుదల తక్కువైతే లేత్ మీద బోరింగు చేయించి, ఒక సైజు పెద్ద పిస్టన్లు వేస్తే ఇంజను మళ్ళీ లేచి కూర్చుంటుంది. నంబరు అదే, కాగితం అదే. దిమ్మే పగిలి ఉంటే అప్పుడు అధికారి అనుమతి అడిగి, కాంటెస్సాకు కంపెనీవారే వాడిన ఇసుజు ఇంజను కోసం వెతుకుతాడు. దానికి గేరుబాక్సు, మౌంటింగులు ఎక్కడెక్కడ ఎట్లా రావాలో కంపెనీవారు ఏనాడో తేల్చిపెట్టి ఉంచారు గనక కొత్తగా కోయవలసింది తక్కువ.

నేను బయలుదేరేటప్పటికి కుర్రవాళ్ళు బండిని జాకీల మీద ఎత్తారు. చైను కప్పీ తెచ్చి ఇంజనుకు తగిలిస్తారేమోనని చూశాను. కాదు, చక్రాలు విప్పుతున్నారు. "ఏ ఇంజనైతేంది, బ్రేకులు ముందుగాల," అంటూ ఉస్తాద్ తుప్పుపట్టిన బ్రేకు గొట్టం ఒకటి లాగి పిల్ల చేతికి ఇచ్చాడు. ఆ పిల్ల దాన్ని కొద్దిగా వంచగానే పుటుక్కున విరిగింది.